సొంతూళ్లో ఉద్యోగం ఎలా?

ప్రశ్న: మాది హనుమకొండ. బీటెక్ సీఎస్‌ఈ అయింది. అమ్మానాన్నలను వదిలి హైదరాబాద్ వెళ్లలేను. ఇక్కడి కంపెనీల్లో తెలిసినవాళ్లు లేరు. ఏం చేయాలి?

జవాబు: 2020 జనవరిలో మీ దగ్గర్లోని మడికొండ ఐటీ పార్కులో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు మొదలయ్యాయి. అక్కడి నుంచే వెతకండి. తెలిసినవాళ్లు లేరంటే నేనొప్పుకోను, మీ కాలేజీ సీనియర్లు ఉన్నారుగా! వాళ్లను లింక్డ్‌ఇన్‌లో పట్టుకుని, ‘అన్నా, మీ టీమ్‌లో ఫ్రెషర్లకు ఏం వచ్చి ఉండాలి? పావుగంట మాట్లాడొచ్చా?’ అని రాయండి. మొదటి మెసేజ్‌లోనే రెజ్యూమె పెట్టి ఉద్యోగం అడిగితే చాలామంది పలకరు. వాళ్లు చెప్పింది నేర్చుకుని, చిన్న ప్రాజెక్టు చేసి చూపించండి. రిఫరల్ అప్పుడడగండి. కేంద్రప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో నమోదు ఉచితం, జాబ్‌మేళాల వివరాలూ అందులో ఉంటాయి. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బడిగేవాళ్లకు మాత్రం రూపాయి కూడా ఇవ్వకండి.