కలివికోడి కూత

కడప జిల్లాలో ముళ్ల పొదల అడవులు ఉన్నాయి. ఆ అడవుల్లో కలివికోడి అనే పిట్ట ఉంది. పేరుకే కోడి. నిజానికి అది చిన్న పిట్ట. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి జనం ఆ పేరు పెట్టారు. పగలు పొదల్లో నక్కి ఉంటుంది. చీకటి పడ్డాక తిండికి బయలుదేరుతుంది. అందుకే ఎవరి కంటా పడదు.

1848లో జెర్డాన్ అనే డాక్టరు వల్ల ఈ పిట్ట గురించి శాస్త్రవేత్తలకు తెలిసింది. 1900 తర్వాత ఎనభై ఏళ్లకు పైగా అది కనబడలేదు. ఇక లేదనే అనుకున్నారు. బొంబాయి నుంచి శాస్త్రవేత్తలు వచ్చారు. బొమ్మ చూపించి ఊళ్లలో అడిగారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే అతను రాత్రిపూట ఆ పిట్టను పట్టుకున్నాడు. ఐతన్నకు పిట్టలు పట్టడం తెలుసు. అడవి తెలుసు. చదువుకున్న వాళ్లకు దొరకనిది అతనికి దొరికింది.

పిట్ట ఉందని రుజువైంది. అప్పుడు శ్రీలంకమల అడవిని అభయారణ్యం చేశారు. తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. రుజువు లేకపోతే ఆ పొదలను ఎవరు కాపాడతారు?

తర్వాత మళ్లీ చాలా ఏళ్లు దాని జాడ లేదు. 2025 ఆగస్టులో కొందరు పక్షి ప్రేమికులు ఆంధ్రప్రదేశ్‌లోనే దాని కోసం వెతికారు. చీకట్లో దాని కూత విన్నారు. వెంటనే రికార్డు చేశారు. ఆ కూతే సాక్ష్యమైంది. కలివికోడి బతికే ఉందని లోకానికి తెలిసింది.

ఇలా పిట్టల వివరాలు పంపేవాళ్లు దేశమంతటా ఉన్నారు. రైతులు, టీచర్లు, ఉద్యోగులు, పిల్లలు అందరూ పంపవచ్చు. 'ఈబర్డ్' అనే చోట ఆ లెక్కలు చేరతాయి. అమెరికాలో 2002లో అది మొదలైంది. వింతగా అనిపించిన వివరాలను తెలిసినవాళ్లు మళ్లీ పరిశీలిస్తారు. ఫొటో గానీ, కూత గానీ ఉందా అని అడుగుతారు.

మన దేశంలో 30 వేల మందికి పైగా పంపిన లెక్కలతో 2023లో ఒక నివేదిక వచ్చింది. పాలపిట్టలు దాదాపు 30 శాతం తగ్గాయని అందులో తేలింది. అంటే పది ఉన్నచోట ఏడే మిగిలాయి. దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదంటాం కదా! అది తగ్గిపోతోందని మనకు తెలిసింది ఈ లెక్కల వల్లనే.

పిట్టల లెక్క ఎలా రాయాలి?

1. తేదీ, టైము, ఊరి పేరు రాయాలి.
2. పదిహేను నిమిషాలు ఒకచోట గమనించాలి.
3. ఏ పిట్టలు ఎన్ని ఉన్నాయో రాయాలి. కాకులు, పిచ్చుకలు కూడా లెక్కే.
4. తెలియని పిట్టకు ఊహించి పేరు పెట్టకూడదు. సెల్‌ఫోనులో ఫొటో తీయాలి. కూత రికార్డు చేయాలి.
5. ఫొటో కోసం గూటి దగ్గరికి పోకూడదు. తల్లి పిట్ట బెదిరి గూడు వదిలేస్తుంది.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పిట్టలను లెక్కపెడతారు. పొలానికి, నీళ్లకు, మేకల వెంట పోయే ఆడవాళ్లు రోజూ పిట్టలను చూస్తూనే ఉంటారు. చూసింది నోట్లోనే ఉంటే మరుపున పడుతుంది. కాగితం మీద పెడితే లెక్కలోకి వస్తుంది.

చెప్పండి

1. కలివికోడికి ఆ పేరు ఎందుకు వచ్చింది?
2. 2025లో దేనివల్ల దాని జాడ తెలిసింది?
3. మీ చిన్నప్పుడు కనబడి, ఇప్పుడు కనబడని పిట్టలేవి? వాటి పేర్లు రాయండి.