‘స్ట్రింజెంట్’ పదము – తెలుగు వాక్యమున దాని ప్రయోగము: బిగువు, కాఠిన్యముల వివేచనము

ఉపోద్ఘాతము

“నిబంధనలు కఠినముగా అమలు చేయబడును.” కార్యాలయముల గోడలపైనను ప్రకటన ఫలకములపైనను నిత్యము కనబడు వాక్యమిది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలో దీనిని చదువు రైతు, నేతకారుడు, అడవిబిడ్డ తమకేదో కీడు రానున్నదని మొదట తలతురు. నియమము ఏమిటి, అది ఎవరికి రక్షణ అను ప్రశ్నలు వారికి తరువాతనే తోచును. ఈ భయమునకు కారణము నియమము కాదు; వాక్యమందలి ‘కఠిన’ శబ్దము.

ఆంగ్లమున ‘స్ట్రింజెంట్’, ‘స్ట్రిక్ట్’, ‘రిగరస్’, ‘హార్ష్’ అను నాలుగు మాటలు నాలుగు తావులందు నిలుచును. నేటి తెలుగు పాలనభాష ఈ నాలుగింటికిని తరచుగా ‘కఠినము’ అను ఒక్క పదమునే వాడుచున్నది. కఠిన చట్టము, కఠిన పరీక్ష, కఠిన చర్య, కఠిన శిక్ష – అన్నియు ఒకే మూసలోనివి. అర్థభేదమున్న చోట శబ్దభేదము లేకపోయినచో వ్యవహారము చెడును. కావున ‘స్ట్రింజెంట్’ పదముయొక్క వ్యుత్పత్తిని, వాక్యములందు దాని నడకను, దానికి మన భాషలో సరియైన పలుకులను విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

1. వ్యుత్పత్తి

‘స్ట్రింజెంట్’ అను పదమునకు మూలము లాటిన్ భాషలోని ‘స్ట్రింగెరె’ ధాతువు. దాని అర్థము బిగించుట, గట్టిగా లాగి కట్టుట. ‘స్ట్రిక్ట్’ అనునదియు ఆ ధాతువుయొక్క భూతకృదంతము నుండియే పుట్టినది. బిగింపబడినది అని దాని మొదటి అర్థము. ‘రిగరస్’ అట్లు కాదు. అది బిర్రబిగిసి కట్టెవలె నిలుచుటను తెలుపు వేఱొక ధాతువునుండి వచ్చినది.

ఈ ధాతువునకే చెందిన మఱియొక మాట ‘ఆస్ట్రింజెంట్’. ఆయుర్వేదమున కషాయరసమనియు తెలుగున ఒగరు అనియు చెప్పునది అదియే. నల్లమల కరక్కాయను నోట వేసికొన్నవానికి దీని అర్థము వేఱుగ చెప్పనక్కర లేదు. కరక్కాయ నాలుకను కోయదు, కాల్చదు, బిగించును. ‘స్ట్రింజెంట్’ పదముయొక్క స్వభావమంతయు ఈ ఒగరులోనే కలదు. అది నొప్పిని చెప్పు మాట కాదు, బిగువును చెప్పు మాట.

సంస్కృతమున ‘కఠిన’ శబ్దమునకు గట్టిది, మెత్తనిది కానిది అని అర్థము. మనసునకు అన్వయించినపుడు దయలేనిది అని లక్ష్యార్థము. బిగువు ఒక గుణము, కాఠిన్యము వేఱొక గుణము. గద్వాల మగ్గముపై ఈ భేదము ప్రత్యక్షముగ కనబడును. నూలు ఒంటికి పట్టు అంచును కుప్పడము పద్ధతిని కలిపి నేయు ఆ చీరకు పడుగు బిగువుగా నుండవలెను. వదులైనచో నేత చెడును, మితిమీరి లాగినచో పోగు తెగును. బిగువు నేతకు ప్రాణమే కాని, నూలు కఠినముగా నుండవలెనని ఏ నేతకారుడును కోరడు.

2. ఆంగ్ల వాక్యములందు నడక

‘స్ట్రింజెంట్’ ఆంగ్లమున ముఖ్యముగా చట్టము, షరతు, ప్రమాణము, పరీక్ష, నియంత్రణ అను వానికి విశేషణముగ వచ్చును. మనుష్యులకు సాధారణముగ రాదు. ‘స్ట్రిక్ట్ టీచర్’ అందురు గాని ‘స్ట్రింజెంట్ టీచర్’ అనుట వాడుక కాదు. షరతు ‘స్ట్రింజెంట్’ అనగా అందులో తప్పించుకొను సందు లేదని భావము. ఆ షరతును మీఱినవానికి పడు శిక్ష పెద్దదా చిన్నదా అను విషయమును ఈ పదము చెప్పదు.

‘స్ట్రిక్ట్’ నియమమునకును వ్యక్తికిని చెల్లును. క్రియావిశేషణమైనపుడు దానికి ‘పూర్తిగా’ అను అర్థము కూడ కలదు. ప్రవేశము ‘స్ట్రిక్ట్‌లీ’ నిషేధము అన్నచో కఠినముగా నిషేధము అని కాదు, ఏ మినహాయింపును లేక నిషేధము అని. ‘స్ట్రిక్ట్‌లీ స్పీకింగ్’ అన్నచో నిక్కచ్చిగా చెప్పవలెనన్నచో అని.

‘రిగరస్’ పదమునకు న్యాయశాస్త్రమున నిర్దిష్టార్థము కలదు. భారత శిక్షాస్మృతి 53వ సెక్షనునందు కారాగారవాసము రెండు విధములుగ చెప్పబడినది: కఠోరశ్రమతో కూడినది, సాధారణము. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత తన 4వ సెక్షనునందు ఈ విభాగమును నిలిపినది. దానిని ‘కఠిన కారాగారశిక్ష’ అనుట యుక్తమే. అచ్చట కష్టము కలదు. కావున కఠిన శబ్దము సార్థకము. చిక్కు ఆ మాటను శిక్షనుండి తీసి నియమమునకు తగిలించుటలో వచ్చినది.

3. సంస్కృత సంప్రదాయము: నియమవిధి

మన శాస్త్రములందు ఈ బిగువు భావమునకు పదములకు కొఱత లేదు. నియమము, నియంత్రణము – ఈ రెండును నిగ్రహించుట, పట్టి నిలుపుట అను అర్థమున ‘యమ్’ ధాతుసంబంధము కలవి. నిబంధనము, నిర్బంధము – ఈ రెండును ‘బంధ్’ ధాతువునుండి వచ్చినవి. కావున నిబంధన అనగానే కట్టు. ‘స్ట్రింజెంట్’ పదమున లాటిన్ వారు చూచినదియు ఆ కట్టునే.

మీమాంసకులు విధి, నియమము, పరిసంఖ్య అని మూడు విధములు చెప్పిరి. ఇతర ప్రమాణముచే తెలియని దానిని బోధించునది విధి. పలు మార్గములు సంభవించు చోట ఒకదానినే అవశ్యము చేయునది నియమము. రెండును ఒకేసారి ప్రాప్తించినపుడు ఒకదానిని తొలగించునది పరిసంఖ్య. నియమమునకు ప్రసిద్ధోదాహరణము యాగమునకు వడ్లు దంచుట. పొట్టును దంచియు తీయవచ్చును, గోళ్లతో ఒలిచియు తీయవచ్చును. శాస్త్రము దంచియే తీయవలెనన్నది. ఇచ్చట ఎవరిని దండించుటయు లేదు. మార్గము ఒకటిగా బిగింపబడినది, అంతే. ‘స్ట్రింజెంట్ రూల్’ అను ఆంగ్లపదబంధమునకు ఇంతకన్న చక్కని వ్యాఖ్యానము దొరకదు.

‘దంచియే’ అనుచోటి ఏకారమును గమనింపుడు. సంస్కృతమున ‘ఏవ’ వలె తెలుగున ‘ఏ’ అవధారణార్థకము. ఒక్క అక్షరము వాక్యమును బిగించును. తెలుగువాడు నియమమును బిగించుటకు విశేషణము పెట్టనక్కర లేదు. “అసలు పత్రమే తేవలెను” అన్నచో చాలును. “అసలు పత్రము తెచ్చు నియమము కఠినముగా పాటింపబడును” అన్నచో మాటలు పెరిగినవి, బిగువు తగ్గినది, భయము చేరినది.

తెలుగునుడిలో ‘తు.చ. తప్పకుండ’ అను పలుకుబడి కలదు. ‘తు’, ‘చ’ అనునవి సంస్కృతమున అవ్యయములు. శ్లోకపాదము నింపుటకు కూడ వాడబడునవి. అంతటి చిన్న మాటను సైతము విడువక అని దాని భావము. అమలు విషయమున ‘స్ట్రిక్ట్‌లీ’ అను పదమునకు ఇంతకన్న దగ్గఱి తెలుగు లేదు.

4. సంస్థానసీమలో తాకీదు, అమలు, గస్తీ

విద్వద్గద్వాలయని పేరొందిన గద్వాల, వనపర్తి, కొల్లాపురము రాజధానిగా గల జటప్రోలు – ఈ సంస్థానములు నిజాము ప్రభుత్వమునకు పేష్కషు చెల్లించుచుండినవి. ఆస్థానములందు సంస్కృతాంధ్ర పండితులు వర్ధిల్లిరి. హైదరాబాదు రాజ్యపు పాలనభాషయో మొదట పారసీకము, పిమ్మట ఉర్దూ. అందుచేత ఆజ్ఞలకు సంబంధించిన మాటలు ఇచ్చటి ప్రజల నోట అరబ్బీ, పారసీక మూలములనుండి నిలిచినవి: హుకుము, తాకీదు, జప్తు, అమలు. ఇట్టి మాటల బాహుళ్యము వలననే సి.పి. బ్రౌను తెలుగున వాడు అన్యదేశ్యములకు ప్రత్యేకముగ నిఘంటువు కూర్చెను.

‘అమలు’ అరబ్బీ పదము. చేత, ఆచరణము అని అర్థము. మాలిన్యము లేనిది అని చెప్పు సంస్కృత ‘అమల’ శబ్దముతో దీనికి సంబంధము లేదు. ‘తాకీదు’ అనునదియు అరబ్బీయే. దృఢపఱచుట దాని అర్థము. అరబ్బీ వ్యాకరణమున అది పారిభాషికపదము కూడ. నొక్కి చెప్పుటను తాకీదు అందురు. అనగా మన అవధారణమునకు బంధువు. రెండు భాషల వైయాకరణులును ఆజ్ఞాబలమును శబ్దముయొక్క దృఢత్వమున చూచిరి గాని క్రౌర్యమున చూడలేదు.

‘గస్తీ’ పదముయొక్క చరిత్ర దీనికి ప్రతికూలమైన పాఠము నేర్పును. ఊరూర తిరుగునది గస్తీ. అందుచే కావలి తిరుగుటయు గస్తీయే, కార్యాలయములకు తిరుగు సర్క్యులరును గస్తీయే. నిజాము రాష్ట్రమున సభలకు ముందుగ అనుమతి పొందవలెనను 53వ సంఖ్య గస్తీ ప్రసిద్ధము. నేటి జోగులాంబ గద్వాల జిల్లాలో 1896లో జన్మించి, 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ నిజామాంధ్ర మహాసభకు అధ్యక్షులైరి. సభ పెట్టుకొనుటయే అధికారియొక్క అనుగ్రహముపై ఆధారపడిన కాలమది. అనుమతి ఇచ్చుట, మానుట అధికారి ఇచ్ఛకు విడిచిన ఆజ్ఞ ప్రజకు కఠినము. కాని శాస్త్రదృష్టిలో అది వదులైనది, బిగువు లేనిది. ఏది చేసిన సమ్మతము, ఏది చేసిన దోషము అని ముందుగ తెలియనిచో అది నియమమే కాదు. కాఠిన్యము బిగువునకు గుర్తు కాదనుటకు ఇది నిదర్శనము.

5. శాసనము, అనుపాలనము

బాదామి చాళుక్యుల కాలపు ఆలయములు గల అలంపురము ఈ సీమలోనిదే. ‘శాసనము’ అను మాట ‘శాస్’ ధాతుజన్యము. ఆ ధాతువునందు ఆజ్ఞాపించుట, బోధించుట రెండును కలవు. శాస్త్రము, శిష్యుడు అను పదములు దానినుండియే పుట్టినవి. ‘శిక్ష’ పదము సంస్కృతమున విద్య నేర్చుట, తెలుగున దండనము. బోధ మఱుగై దండము మిగిలిన చరిత్ర ఆ ఒక్క మాటలోనే కలదు.

దక్షిణాపథపు దానశాసనముల చివర సాధారణముగ ధర్మశ్లోకములు వచ్చును. దానము చేయుట, చేసిన దానిని కాపాడుట అను రెంటిలో కాపాడుటయే మేలని వాని తాత్పర్యము. దీనికి వారు వాడిన పదము అనుపాలనము. ‘పాల’ శబ్దమునకు రక్షణము అర్థము. ఆజ్ఞను అమలుపఱచుట యనగా దానిచే మేలు పొందవలసిన వానిని రక్షించుట. కంచె చేనుకొఱకే, కంచెయే చేను మేసినచో దాని గట్టిదనమును మెచ్చుకొనువారుండరు.

కౌటిల్యుడును ఈ వివేకమునే చూపెను. తీక్ష్ణదండుడైన రాజు ప్రజలకు భయహేతువగుననియు, మృదుదండుడు అవమానమునకు లోనగుననియు, యథార్హదండుడు పూజ్యుడనియు ఆయన మతము. తగినంత, తప్పక – ఇదియే ఆ మధ్యమార్గము.

6. వాక్యపరీక్ష

సిద్ధాంతమును వాక్యములపై పరీక్షింపవలెను. నాగర్‌కర్నూలు జిల్లాలో అమ్రాబాదు పులుల అభయారణ్యము కలదు. చెంచులు అచ్చటి నివాసులు. అచ్చట రెండు చట్టములు వర్తించును: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, 2006 నాటి అటవీహక్కుల గుర్తింపు చట్టము. “వన్యప్రాణి చట్టమును కఠినముగా అమలుచేయవలెను” అను వాక్యము చెవికి సహజముగ తోచును. “అటవీహక్కుల చట్టమును కఠినముగా అమలుచేయవలెను” అన్నచో చెవి ఒప్పుకొనదు. హక్కును ఇచ్చుటలో కాఠిన్యమేమి? ఎవరిపై?

ఇచ్చట భాషాదోషము లోకదోషముగ మాఱుచున్నది. ‘కఠినముగా’ అను ఒక్క మాటయే మనకున్నచో నిషేధించు చట్టములకు మాత్రమే గట్టి అమలును కోరగలము. హక్కునిచ్చు చట్టములకు కోరుటకు వాక్యమే దొరకదు. “తు.చ. తప్పకుండ అమలుచేయవలెను” అన్నచో రెండు చట్టములకును సమముగ చెల్లును. వెట్టిచాకిరి వ్యవస్థను రద్దుచేసిన 1976 నాటి చట్టమునకును అంతే. అది కూలివానిని విడిపించు చట్టము. బిగువు దాని అమలునకు కావలెను.

భారత రాజ్యాంగమున ఆంగ్లపదమైన ‘ఎన్‌ఫోర్స్‌మెంట్’ రెండు తావులందు గమనింపదగినది. 17వ అధికరణమున అంటరానితనముచే కలుగు అశక్తతను ఒకరిపై రుద్దుట నేరమని చెప్పునపుడు ఆ పదము వచ్చును. 32వ అధికరణమున ప్రాథమికహక్కులను సాధించుకొనుటకు సుప్రీంకోర్టును ఆశ్రయించుటను చెప్పునపుడును ఆ పదమే వచ్చును. ఆంగ్లమున పదమొకటే, తెలుగున మొదటిది రుద్దుట, రెండవది అమలుపఱచుట. అనువాదకుడు పదమును చూడక ప్రయోజనమును చూడవలెననుటకు ఇంతకన్న దృష్టాంతము వలదు.

7. ప్రయోగనిర్ణయము

విద్యార్థులకు, అనువాదకులకు ఉపకరించునట్లు పై విచారణ ఫలమును ఇట్లు సంగ్రహింపవచ్చును.

షరతు, ఏర్పాటు, నియంత్రణము – వీనికి ‘కట్టుదిట్టము’: “ఋణమునకు షరతులు కట్టుదిట్టముగ నున్నవి.”

అమలునకు ‘తు.చ. తప్పకుండ’ లేక ‘మినహాయింపు లేకుండ’: “ఈ నియమము అందఱికిని మినహాయింపు లేకుండ వర్తించును.”

నిషేధమునకు ‘పూర్తిగా’: “లోనికి ప్రవేశము పూర్తిగా నిషిద్ధము.”

పరీక్షకు ‘నిశితము’, పరిశీలనకు ‘క్షుణ్ణము’: “లెక్కలు క్షుణ్ణముగ పరిశీలింపబడినవి.” క్షుణ్ణమనగా దంచబడినది, వడ్లు దంచు నియమము ఇచ్చట మరల గుర్తునకు వచ్చును.

వ్యక్తికి ‘నిక్కచ్చి’: “ఆ గురువుగారు వేళాపాలనలో నిక్కచ్చి.”

‘కఠినము’ అను పదము నిజముగ కష్టమున్న తావునకే: “అతనికి కఠిన కారాగారశిక్ష విధింపబడినది.”

ఉపసంహారము

రాజాజ్ఞ ప్రజకు తెలియని భాషలో వచ్చు దినములు ఈ సీమ చూచినది. నేడు ఆజ్ఞ తెలుగున వచ్చుచున్నది; కాని తెలుగు లిపిలో వచ్చినంత మాత్రమున అది ప్రజకు చేరినట్లు కాదు. చదివినవాడు తనకున్న కట్టుబాటును, తనకున్న రక్షణను ఒకే వాక్యమున తెలిసికొనవలెను. “నిబంధనలు కఠినముగా అమలు చేయబడును” అను వాక్యమును “నిబంధనలు అందఱికిని ఒకే తీరున, తు.చ. తప్పకుండ అమలగును” అని మార్చి వ్రాసినచో నియమముయొక్క బలము ఇసుమంతయు తగ్గదు. తగ్గునది భయము మాత్రమే.