ఎండ దాచిన చల్లదనం

పాఠ్యాంశ ఉద్దేశం: విద్యుత్తు చేరని పల్లెలకు టీకా మందులను చెడిపోకుండా చేర్చే సౌర శీతల యంత్రాల పరిణామాన్ని తెలపడం, తరగతిలో నేర్చిన భౌతికశాస్త్ర సూత్రాలు ప్రజల ప్రాణరక్షణకు ఎట్లా ఉపయోగపడతాయో విద్యార్థులకు బోధపరచడం.

కనిపించని నష్టం

టీకా మందుకు శత్రువులు రెండు. ఒకటి వేడి, రెండవది గడ్డకట్టే చలి. చాలా టీకాలను 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య భద్రపరచాలి. పోలియో చుక్కల మందు వేడికి త్వరగా శక్తిని కోల్పోతుంది. ధనుర్వాతం, హెపటైటిస్-బి టీకాలు గడ్డకడితే పనికిరావు. పాలు విరిగితే కంటికి తెలుస్తుంది. టీకా చెడితే సాధారణంగా తెలియదు. తల్లి నమ్మకంతో బిడ్డను తెస్తుంది. ఆరోగ్య కార్యకర్త సూది వేస్తుంది. రక్షణ మాత్రం లభించదు. అందుకే 1996 నుండి పోలియో మందు సీసాలపై వేడికి రంగు మారే గుర్తును ఉంచుతున్నారు. అయితే ఆ గుర్తు చలి వల్ల కలిగే నష్టాన్ని చూపలేదు.

కర్మాగారం నుండి పసిబిడ్డ వరకు టీకాను చల్లగా చేర్చే ఏర్పాటును 'కోల్డ్ చైన్' అంటారు. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా అంతకుముందు పడిన శ్రమంతా వృథా అవుతుంది. తరచుగా తెగేది చివరి లంకె, అంటే విద్యుత్తు లేని మారుమూల ఆరోగ్య కేంద్రం.

బ్యాటరీ తెచ్చిన చిక్కు

అటువంటి చోట్ల మొదట కిరోసిన్‌తో, గ్యాస్‌తో నడిచే రిఫ్రిజిరేటర్లను వాడారు. వాటిలో ఉష్ణోగ్రతను నిలకడగా ఉంచడం కష్టం. 1980వ దశకంలో సౌర రిఫ్రిజిరేటర్లు వాడుకలోకి వచ్చాయి. పగలు సౌరఫలకాలు ఇచ్చే విద్యుత్తును బ్యాటరీలలో నిల్వచేసి రాత్రి వాడుకోవడం వాటి పద్ధతి. సౌరఫలకాలు చాలా ఏళ్లు మన్నుతాయి. బ్యాటరీలు కొన్నేళ్లకే బలహీనపడతాయి. కొత్తవి కొనడానికి డబ్బు, బిగించడానికి మనిషి దొరకక ఎన్నో యంత్రాలు మూలబడ్డాయి. పైన ఎండ కాస్తూనే ఉన్నా లోపల మందు చెడిపోయేది.

చల్లదనాన్నే దాచడం

రాత్రికి కావలసినది చల్లదనమే అయినప్పుడు విద్యుత్తును దాచడం ఎందుకు? ఈ ప్రశ్నే మార్గం చూపింది. పగలు సౌరవిద్యుత్తుతో నీటిని మంచుగా మార్చితే, రాత్రి ఆ మంచు కరుగుతూ వేడిని గ్రహిస్తుంది. అమెరికాలోని నాసా జాన్సన్ అంతరిక్ష కేంద్రానికి చెందిన మైకేల్ ఎవర్ట్, డేవిడ్ బెర్జరాన్ బ్యాటరీ లేని సౌర రిఫ్రిజిరేటర్‌కు 2001లో పేటెంటు పొందారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ మొదలైనవి భాగస్వాములుగా 'సోలార్‌చిల్' పథకం మొదలైనదీ ఆ ఏడే.

అయితే మంచు మందుకు మరీ చేరువైతే అదీ గడ్డకడుతుంది. వేల్స్‌కు చెందిన ఇయాన్ టాన్‌స్లీ దీనికి నీటి స్వభావంలోనే పరిష్కారం చూశాడు. నీటి సాంద్రత 4 డిగ్రీల వద్ద అత్యధికం. అందువల్ల మంచు పైన తేలుతుంది. 4 డిగ్రీల నీరు కిందికి దిగి మందుల అరను చుట్టి ఉంటుంది.

విద్యార్థుల ముందున్న లెక్క

ఈ రంగంలో కృషికి పూనుకునే ఇంజనీరింగ్ విద్యార్థి బృందం మొదట వేయవలసిన లెక్క చిన్నదే. ఎండ లేకపోయినా ఇటువంటి పెట్టె కనీసం మూడు రోజులు చల్లగా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. గోడల గుండా సెకనుకు 10 జౌళ్ల వేడి చొరబడుతుందనుకుందాం. మూడు రోజులలో అది దాదాపు 26 లక్షల జౌళ్లు అవుతుంది. కిలో మంచు కరగడానికి 3 లక్షల 34 వేల జౌళ్లు కావాలి. అంటే సుమారు 8 కిలోల మంచు చాలు. ఉష్ణబంధకాన్ని మెరుగుపరచి వేడి రాకను సగానికి తగ్గిస్తే 4 కిలోలే సరిపోతుంది. కాని రోజుకు తలుపు ఎన్నిసార్లు తెరుస్తారు? ముసురు పట్టినప్పుడు ఎన్నాళ్లకు ఎండ వస్తుంది? ఫలకంపై దుమ్మును ఎవరు తుడుస్తారు? వీటికి సమాధానాలు ప్రయోగశాలలో దొరకవు. ఆ ఊరికి వెళ్లి, అక్కడి కార్యకర్తను అడిగి తెలుసుకోవాలి.

విద్యార్థి ఆలోచనకు ఈ రంగంలో చోటున్నదనడానికి ఒక ఉదాహరణ ఉంది. ఇంగ్లండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయ విద్యార్థి విల్ బ్రాడ్‌వే టీకాలను మోసుకుపోయే 'ఐసోబార్' అనే పెట్టెను రూపొందించాడు. 2016లో అది బ్రిటన్ స్థాయి జేమ్స్ డైసన్ పురస్కారం పొందింది. ఇది సౌరయంత్రం కాదు. వేడితో అమ్మోనియాను నీటి నుండి వేరుచేసి, అది తిరిగి ఆవిరయ్యేటప్పుడు కలిగే చల్లదనాన్ని వాడుకుంటుంది. వేడిచేయడానికి విద్యుత్తు లేకపోతే గ్యాస్ మంట చాలు. ఆరోగ్య కేంద్రం దాటి, ఇంకా ముందున్న గూడెం దాకా మందును చేర్చడమే దాని లక్ష్యం.

పదాలు – అర్థాలు

లంకె = గొలుసులోని కడియం
ఉష్ణబంధకం = వేడిని సులభంగా ప్రసరింపనీయని పదార్థం
సాంద్రత = ప్రమాణ ఘనపరిమాణంలోని ద్రవ్యరాశి
ముసురు = విడవక కురిసే వాన
గూడెం = అడవి ప్రాంతపు చిన్న పల్లె

ప్రశ్నలు

1. టీకా మందు చెడిపోవడం వల్ల కలిగే నష్టం కంటికి కనిపించదని ఎందుకు అంటారు?
2. విద్యుత్తుకు బదులు చల్లదనాన్ని నిల్వచేయడం వల్ల తీరిన సమస్య ఏది?
3. విద్యార్థి బృందం గ్రామానికి వెళ్లి తెలుసుకోవలసిన విషయాలను వివరించండి.