మోటారు స్టార్టరుకు సీ భాషయా, అసెంబ్లీయా?

ప్రశ్న: బోరు మోటారుకు 8051 చిప్పుతో ఆటో స్టార్టరు చేయదలచినాను. ప్రోగ్రాము సీ భాషలో వ్రాయవలెనా, అసెంబ్లీలోనా?
– ఒక పాఠకుడు, నడిగూడెం

జవాబు: 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిన కొమర్రాజు లక్ష్మణరావుగారు దివానుగా మెలగిన యూరినుండి ఇట్టి ప్రశ్న తెలుగున వచ్చుట ముదావహము. మూడు ఫేజులును వచ్చినవో లేవో చూచి, కొంతసేపు తాళి, రిలేను కలుపుటయే పనిగా గల మీ స్టార్టరునకు సూక్ష్మకాలగణనతో నిమిత్తము లేదు గనుక సీ భాషయే యుక్తము.

అయితే 1980లో ఇంటెల్ వెలువరించిన 8051లో ప్రోగ్రామునకు 4 కిలోబైట్లు, ర్యామునకు 128 బైట్లు మాత్రమే కలవు; రిజిస్టర్లును, స్టాకును ఆ 128లోనే ఇముడవలెను. పూర్ణాంకము చాలినచోట ఫ్లోటు వాడి, దానికై కంపైలరు చేర్చు లైబ్రరీ భారమును చూచి సీ భాషను నిందించుట అన్యాయము. ఇంటరప్టులో మారెడి వేరియబుల్‌కు ‘వోలటైల్’ అని చేర్చుట మరువకుడు. మరచినచో కంపైలరు పాత విలువనే పట్టుకొని కూర్చుండవచ్చును.

పన్నెండు మెగాహెర్ట్జు క్రిస్టలుతో ఈ చిప్పునకు ఒక మెషిన్ సైకిల్ ఒక మైక్రోసెకను. అంతటి కచ్చితముతో పల్సు నీయవలసినచోట, కంపైలరు సెట్టింగు మారినంతనే వ్యవధియు మారును గాన, ఆ నాలుగు పంక్తులు అసెంబ్లీలో వ్రాసి సీ ప్రోగ్రామున పొదుగుట మేలు. ఉచితముగా లభించు ఎస్‌డీసీసీ కంపైలరు తాను పుట్టించిన అసెంబ్లీని ఫైలుగా నిచ్చును. దానిని చదువ నేర్చుకొనుడు.

రిలే కాయిలునకు అడ్డముగా డయోడు తప్పక వేయుడు. లేనిచో ఏ భాషలో వ్రాసినను చిప్పు మాటిమాటికి రీసెట్ కావచ్చును.