గరగర ఎక్కడిదో ముందు తేల్చండి

“అన్నా, రేడియో సరిగ్గా రావడంలే. సెట్టు మార్చేద్దామా?”

రేణిగుంటలో ఒక ట్యాక్సీ డ్రైవరు ఆటో ఎలక్ట్రీషియన్‌ని ఇలా అడిగాడనుకోండి. పని తెలిసినవాడైతే వెంటనే సెట్టు ఊడదీయడు. “ఏ స్టేషను రావడంలే? యాడికి పోయినప్పుడు? ఇంజను ఆపినా ఇట్లే ఉండాదా?” అని అడుగుతాడు. ఆ మూడింటికీ డ్రైవరు దగ్గర జవాబు లేకపోతే, తన రేడియో గురించి అతనికి ఇంకా ఏమీ తెలియనట్టే. తెలిసిందల్లా తన చిరాకు.

మన ఇబ్బందులు మనం చెప్పుకొనే తీరు కూడా చాలాసార్లు ఇంతే. “ఆఫీసులో బాగాలేదు.” “పిల్లాడు మాట వినడం లేదు.” “చదివింది బుర్రకెక్కడం లేదు.” ఏ పనిలో, ఏ వేళలో, ఎవరి ముందు అని ఎవరైనా అడిగితే నీళ్లు నములుతాం. పరిష్కారం మాత్రం నోటి చివరే ఉంటుంది: ఉద్యోగం మార్చేద్దాం, కాలేజీ మార్చేద్దాం, సెట్టు మార్చేద్దాం. అన్నింటికన్నా ఖరీదైన భాగం మీదికే మన చెయ్యి మొదట పోతుంది.

ఇబ్బందిని కచ్చితంగా చెప్పగలగడం పుట్టుకతో వచ్చేది కాదు, నేర్చుకుంటే వచ్చేది. ధైర్యం, మాటకారితనం, సమయపాలన గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ. దీన్ని నేర్చుకోవడానికి కారు రేడియో మంచి బడి అని నా గట్టి నమ్మకం. ఇక్కడ ప్రతి ప్రశ్నకూ జవాబు నిమిషాల్లో మన చెవికే వినిపిస్తుంది. ఎవరి మనసూ నొచ్చుకోదు, పైసా ఖర్చుండదు.

మొదట చోటు చూడండి. ఎఫ్.ఎం. తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరే సాగుతాయి. కొండ అడ్డొస్తే దాని వెనక బలహీనపడతాయి. కొన్ని కొండరాతికి తగిలి తిరిగొచ్చి, నేరుగా వచ్చిన తరంగంతో తగువు పడతాయి. రేణిగుంట నుంచి కరకంబాడి, మామండూరు మీదుగా కోడూరు వైపు పోతుంటే ఎడమ పక్కనే శేషాచలం. ఆ దారిలో తిరుపతి స్టేషను ఒక మలుపులో స్పష్టంగా, తర్వాతి మలుపులో బరబరలాడుతూ వచ్చిందంటే అది కొండ చేసే పని. ఎంత ఖరీదైన సెట్టు పెట్టినా ఆ కొండ అక్కడే ఉంటుంది. నిర్ధారించుకోవాలంటే అదే చోట, అదే స్టేషను మరో కారులో విని చూడండి. అందులోనూ గరగరే వస్తే మీ కారు నిర్దోషి.

పుత్తూరు, నగరి దారిలో ఇంకో వింత ఉంది. తిరుపతిలో రెడ్ ఎఫ్.ఎం. వచ్చేది 93.5 మెగాహెర్ట్జ్ మీద. చెన్నైలో సూర్యన్ ఎఫ్.ఎం. వచ్చేదీ 93.5 మీదే. రేణిగుంటలో తెలుగు పాట పెట్టుకుని చెన్నై బయలుదేరినవాళ్లకు, మీట ముట్టుకోకుండానే ఎక్కడో ఒకచోట తమిళం మొదలవుతుంది. రెండూ దాదాపు సమానంగా అందే చోట కాసేపు ఇదీ, కాసేపు అదీ వినిపిస్తుంటే సెట్టుకు పిచ్చిపట్టిందని భయపడనక్కర్లేదు. ఎఫ్.ఎం. రిసీవరు స్వభావమే అంత. ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు స్టేషన్లు వస్తే, కాస్త బలమైనదాన్ని పట్టుకుని రెండోదాన్ని అణిచేస్తుంది. రెండూ కలగలిపి వినిపించే అలవాటు దానికి లేదు.

మీ కష్టాల్లో ఏది ఆ చోటుది, ఏది మీది? ఒక్క గదిలోనే, ఒక్క మనిషి ముందే, ఒక్క సబ్జెక్టులోనే గొంతు తడబడుతుంటే “నాకు మాట్లాడటం రాదు” అనే తీర్పు తప్పు. ఆ గదిలో అదే పని చేసే ఇంకొకరిని అడగండి. వాళ్లకీ అక్కడే తడబాటు ఉంటే మీ మీద మీరు మోపుకున్న నేరం కొట్టేయండి.

ఇక నాకు అన్నింటికన్నా ముఖ్యమనిపించే పరీక్ష. బండి ఆపండి. ఇంజను ఆపేసి, తాళం ఒక మెట్టు మీదే ఉంచి రేడియో వినండి. గరగర పోయిందా? అయితే అది స్టేషను నుంచి రావడం లేదు, మీ బండిలోనే పుడుతోంది.

అప్పుడు ఇంజను స్టార్టు చేసి యాక్సిలేటరు మెల్లగా తొక్కండి. తొక్కేకొద్దీ సన్నని కూత పైకి లేస్తుంటే ఆల్టర్నేటరును, ఎర్తు వైర్లను అనుమానించాలి. టిక్ టిక్‌మంటూ ఇంజను వేగంతో పాటు పరుగెత్తితే, పెట్రోలు బండి అయితే, స్పార్కు ప్లగ్గుల వైపు చూడాలి. డీజిలు ఇంజనుకు స్పార్కు ప్లగ్గులే ఉండవు కాబట్టి అందులో ఆ వెతుకులాట దండగ. ఇంజనుతో సంబంధం లేకుండా ఒకే తీరుగా బుస్సుమంటుంటే ఫోను చార్జరు పీకి చూడండి. తర్వాత డ్యాష్ క్యామ్. తర్వాత కొత్తగా పెట్టించిన ఎల్.ఇ.డి. లైట్లు. చవక చార్జరు లోపల సెకనుకు వేలసార్లు, ఒక్కోసారి లక్షలసార్లు కరెంటును ఆపి వదిలే సర్క్యూటు ఉంటుంది. దానికి సరైన ఫిల్టరు పెట్టకపోతే అదే ఒక చిన్న ట్రాన్స్‌మిటరులా పక్కనున్న రేడియోను ముంచేస్తుంది.

ఒక్కొక్కటే తీయండి. అన్నీ ఒకేసారి పీకేస్తే శబ్దం పోతుంది, దోషి మాత్రం దొరకదు. మళ్లీ అన్నీ తగిలించగానే గరగర తిరిగొస్తుంది.

కారు రేడియో పుట్టిన రోజుల్లోనే ఈ చిక్కు ఉంది. షికాగోలో పాల్ గాల్విన్ కంపెనీ 1930లో మోటరోలా పేరుతో కారు రేడియో తెచ్చినప్పుడు, ఆ కాలపు ఇంజనీర్లను ఎక్కువగా సతాయించింది కారు సొంత ఇంజను నిప్పురవ్వలు చేసే రొదే. బయటి ప్రపంచాన్ని వినాలంటే ముందు లోపలి చప్పుడు అణచాల్సి వచ్చింది. ఏరియల్ వైరు చివర సెట్టులోకి దూరే ప్లగ్గును ఇప్పటికీ చాలా దేశాల్లో మోటరోలా ప్లగ్గు అనే పిలుస్తారు.

ఈ ఇంజను పరీక్షను మన మీద పెట్టుకోవడానికి కొంచెం నిబ్బరం కావాలి. “మా మేనేజరు నా మాట పట్టించుకోడు” అనుకుంటున్న రోజున, రాత్రి సరిగ్గా నిద్రపోయారా, పొద్దున తిని బయలుదేరారా, అతను మాట్లాడుతున్నంతసేపూ మీ చెయ్యి ఫోను మీదే ఉందా, ఇవి చూసుకోండి. ఒక్క వారం ఫోను సొరుగులో పెట్టి మీటింగుకు వెళ్లండి. మిగతావేవీ మార్చకండి. అప్పుడు కూడా అతను పట్టించుకోకపోతే గరగర అవతలిదే. ఆ మాట నిర్భయంగా అనొచ్చు, ఎందుకంటే అప్పుడు మీ చేతిలో ఆధారం ఉంది. లోపలిది తేల్చుకున్నాకే బయటివాళ్లను ధీమాగా ప్రశ్నించగలం.

ఇంజనూ కాదు, కొండా కాదు, అన్ని స్టేషన్లూ అన్నిచోట్లా బలహీనంగా ఉన్నాయంటే ఏరియల్ దారి పట్టండి. ఎఫ్.ఎం. తరంగం పొడవు సుమారు 3 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే ముప్పావు మీటరు కడ్డీ దానికి బాగా నప్పుతుంది. పాత కార్ల మీద నిలువుగా లేచే పొడవాటి కడ్డీ అంత పొడుగు ఎందుకుండేదో ఇప్పుడు అర్థమవుతుంది. ఇప్పటి కార్లలో పొట్టి కడ్డీలు, పైకప్పు మీద చేప రెక్కలాంటివి వచ్చాయి. పొడవు తగ్గిన లోటు తీర్చడానికి చాలావాటి అడుగున చిన్న యాంప్లిఫయరు పెడతారు. దానికి 12 వోల్టుల కరెంటు కావాలి. కంపెనీ సెట్టు తీసి బయట కొన్న స్టీరియో బిగించినప్పుడు ఆ కరెంటు ఇచ్చే తీగను, చాలా సెట్లలో అది నీలి రంగులో ఉంటుంది, కలపకుండా వదిలేయడం తరచూ జరిగే పొరపాటు. పాటలు పెన్‌డ్రైవ్ నుంచి బ్రహ్మాండంగా వస్తాయి, రేడియో ఒక్కటే నీరసంగా పలుకుతుంది. కొత్త సెట్టు పెట్టిన రోజు నుంచే ఇలా ఉందా అన్న ఒక్క ప్రశ్న ఈ లోపాన్ని బయటికి లాగుతుంది. ఆ తీగ సరిగ్గానే ఉంటే కడ్డీ మర బిగువుగా ఉందా, దాని అడుగున తుప్పు పట్టిందా, సెట్టు వెనక ప్లగ్గు పూర్తిగా దిగిందా చూడాలి. చేత్తో కదిపితే చెప్పేస్తుంది.

చివరిగా సెట్టింగు. ఇది నాకు ఇష్టమైన ఘట్టం. బయట కొన్న చాలా స్టీరియోల్లో దేశం ఎంచుకునే సెట్టింగు ఉంటుంది. అది అమెరికా మీద ఉంటే ఎఫ్.ఎం. అంకెలు 93.3, 93.5, 93.7 అంటూ బేసి దశాంశాల మీదే అడుగులేస్తాయి. అప్పుడు 93.5 చక్కగా వస్తుంది. తిరుపతి ఆకాశవాణి 103.2 మీద ఉంది. సెట్టు 103.1 నుంచి 103.3కు దూకేస్తుంది, మాట చీరుకుపోయినట్టు వినిపిస్తుంది. మీడియం వేవ్‌లో మనకు 9 కిలోహెర్ట్జ్ అడుగులు, అమెరికాలో 10. కడప కేంద్రం 900 రెండు లెక్కలకూ సరిపోతుంది కాబట్టి దొరుకుతుంది. విజయవాడ 837 పది అడుగుల లెక్కలో దొరకదు. “ఈ స్టేషను వస్తుంది, ఆ స్టేషను రాదు” అని అంకెలతో సహా ఎవరైనా రాసి తెస్తే, మూత తీయకుండానే ఎలక్ట్రీషియన్‌కు లోపం తెలిసిపోతుంది. “రేడియో బాగాలేదు” అని తెస్తే ఏరియల్ మారుతుంది, తర్వాత సెట్టు మారుతుంది, కొత్త సెట్టు కూడా అమెరికా లెక్కలోనే ఉంటే గరగర అలాగే ఉంటుంది.

గరగరను కచ్చితంగా వర్ణించడం ఎంత దూరం తీసుకెళుతుందో చెప్పడానికి కార్ల్ జాన్‌స్కీని మించిన మనిషి లేడు. అమెరికాలో బెల్ ల్యాబ్స్ ఇంజనీరు. సముద్రం మీదుగా సాగే రేడియో టెలిఫోనులో రొద ఎక్కడిదో కనుక్కోమని ఆయనకు పని అప్పగించారు. ఫోర్డు మోడల్ టి కారు చక్రాల మీద తిరిగే పెద్ద యాంటెన్నా కట్టి, నెలల తరబడి విని, రొదను మూడు రకాలుగా విడదీశారు: దగ్గరి ఉరుములు, దూరపు ఉరుములు, ఎక్కడిదో తెలియని ఒక సన్నని బుస. ఆ మూడోదాన్ని ఆయన “ఇంకేదో” అని పక్కన పడేయలేదు. అది ఎప్పుడు పెరుగుతోందో రాస్తూ పోయారు. రోజుకు 24 గంటలకు కాకుండా 23 గంటల 56 నిమిషాలకు తిరిగి వస్తోందని తేలింది. అది నక్షత్రాల లెక్క. ఆ శబ్దం పాలపుంత నడిబొడ్డు నుంచి వస్తోందని 1933లో ప్రకటించారు. రేడియో ఖగోళశాస్త్రం అక్కడ మొదలైంది.

అంత దూరం ఎందుకు, మన గాదంకిలో చూడండి. తిరుపతి నుంచి చిత్తూరు పోయే వైపున్న ఆ ఊళ్లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలవారి ఎం.ఎస్.టి. రాడార్ ఉంది. 1024 యాంటెన్నాలతో 53 మెగాహెర్ట్జ్ తరంగాలను ఆకాశంలోకి పంపి, గాలి కదలికల నుంచి తిరిగొచ్చే అతి సన్నని ప్రతిధ్వనిని వింటుంది. ఆ ప్రతిధ్వని ఒక్కసారి వింటే రొదలో కలిసిపోతుంది. మళ్లీ మళ్లీ పంపి, వచ్చినవన్నీ కలుపుతూ పోతే అసలు సంకేతం పోగుపడుతుంది, తీరూ తెన్నూ లేని రొద తనలో తనే కొట్టుకుపోతుంది. ఒక్క చెడ్డ రోజును బట్టి ఉద్యోగం మీద, ఒక్క మార్కును బట్టి బిడ్డ మీద తీర్పు చెప్పేవాళ్లకు ఆ రాడార్ పనితీరు తెలియాలని నా కోరిక.

ఈసారి మెకానిక్ దగ్గరికి పోయేముందు ఒక కాగితం తీయండి. ఏ స్టేషను, ఏ చోట, ఇంజను ఆపితే ఏమైంది, ఎప్పటి నుంచి. నాలుగు వరుసలు చాలు. ఆ తర్వాత అదే కాగితం తిప్పి, మిమ్మల్ని ఎక్కువగా వేధిస్తున్న ఇంకో సంగతి గురించి కూడా అవే నాలుగు రాయండి: ఏ పని, ఎవరి ముందు, మీ వైపు నుంచి ఒక్కటి తీసేస్తే ఏమవుతోంది, ఎప్పటి నుంచి. రెండో వైపు నిండేదాకా రాజీనామా రాయకండి, పిల్లాడి కాలేజీ మార్చకండి, ఎవరితోనూ మాటలు మానుకోకండి.