కుందేలు కింద ఏం పరవాలి?

కుందేలు అనగానే మనకు తెల్లని బొచ్చు, ఎర్రని కళ్లు, నిక్కబొడుచుకున్న చెవులు గుర్తుకొస్తాయి. దానికి ఏం పెట్టాలి అని అందరూ అడుగుతారు. దాని కింద ఏం పరవాలి అని అడిగేవారు అరుదు. మేము జంతుశాస్త్రంలో పీజీలో చేరినప్పటి నుంచి, సెలవులకు బొబ్బిలి వచ్చినప్పుడల్లా మన హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంచుమించు ఒకే రకం ప్రశ్నలు తెస్తున్నారు. "అన్నా, కొని తెచ్చిన కుందేలు తుమ్ముతోంది." "అన్నా, అమ్మ డ్వాక్రా లోనుతో తెచ్చిన కోడిపిల్లలు వారంలో సగం పోయాయి." ఇంట్లో మొదటి డిగ్రీ మనదే అయితే ఊళ్లో ఏ జీవికి ఏం వచ్చినా మనమే డాక్టర్లం కదా! మేము పశువైద్యులం కాము. అయినా ఈ ప్రశ్నల్లో చాలావాటికి జవాబు గూటి అడుగునే ఉందని చదువుకున్న కొద్దీ తెలిసింది.

కుక్కకు, పిల్లికి ఉన్నట్టు కుందేలు అరికాలికి మెత్తలు ఉండవు. బొచ్చు ఒక్కటే రక్షణ. ఇనుప జాలీ మీద గానీ, గరుకు సిమెంటు మీద గానీ, తడిసిన గడ్డి మీద గానీ రోజుల తరబడి ఉంటే వెనక కాళ్ల మడమల దగ్గర బొచ్చు ఊడి, చర్మం ఎర్రబడి, పుండు పడుతుంది. జాలీ గూడే ఉన్నవారు కనీసం ఒక మూల చెక్క పలక వేసి, దాని మీద గడ్డి పరవాలి.

ఇక ముక్కు సంగతి. దాని ముక్కు నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. మూత్రంలోని యూరియాను బాక్టీరియా విడగొట్టినప్పుడు అమ్మోనియా పుడుతుంది. ఆ వాయువు శ్వాసనాళం లోపలి పొరను దెబ్బతీస్తే పాశ్చురెల్లా వంటి సూక్ష్మజీవులకు దారి సులువవుతుంది. తుమ్ములు, ముక్కు కారడం అక్కడి నుంచే. కావున నిలబడి వాసన చూసి బాగానే ఉందనుకోకండి. గూటి ముందు కూర్చుని, మీ ముక్కును దాని ఎత్తుకు దించి చూడండి. కళ్లు చురుక్కుమంటే పరుపు మార్చే రోజు దాటిపోయిందన్నమాట.

పరుపు చేసే పని ఇంతకన్నా లోతైనదని మాకు తెలిసింది ఒక పాత ప్రయోగం చదివినప్పుడు. అమెరికా శాస్త్రవేత్త ఎలియట్ వెసెల్ 1967లో 'సైన్స్' పత్రికలో దాన్ని ప్రకటించారు. ప్రయోగశాల ఎలుకలకు హెక్సోబార్బిటాల్ అనే నిద్రమందు ఇస్తే, ఎర్ర సీడార్, పైన్ చెక్కపొట్టు మీద ఉన్న ఎలుకలు తక్కువసేపే నిద్రపోయాయి. బీచ్, బర్చ్, మేపుల్ చెక్కపొట్టు మీద ఉన్నవాటిలో ఆ మార్పు లేదు. కారణం ఏమిటి? సీడార్, పైన్ చెక్కకు మంచి వాసన ఇచ్చే పదార్థాలు ఒంట్లోకి చేరితే, వాటిని వదిలించుకోవడానికి కాలేయం కొన్ని ఎంజైములను పెంచుకుంటుంది. ఆ ఎంజైములే నిద్రమందును కూడా తొందరగా విరిచేశాయి. మనకు సువాసన అనిపించేది ఎలుక కాలేయానికి అదనపు చాకిరీ అయిందన్నమాట! పట్నంలో పెంపుడు జంతువుల దుకాణాల్లో పైన్ పొట్టు ప్యాకెట్లు అమ్ముతారు. బట్టీలో వేడిచేసి ఆరబెట్టిన పొట్టులో ఈ పదార్థాలు తగ్గుతాయి. అయితే మన ఊళ్లో గడ్డి ఉండగా డబ్బు పెట్టి దాన్ని కొనడం దేనికి?

రంపపు మిల్లు పొట్టు ఉచితంగా దొరుకుతుంది కదా అంటారు. అందులో ఏ చెక్క ఎంతుందో మిల్లువాడికే తెలియదు. టేకు పొడి పడక చర్మం దురద పెట్టే వడ్రంగులు ఉన్నారు. ప్లైవుడ్ కోసిన పొట్టులో ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది. గొల్లపల్లిలో వీణలు చెక్కేచోట రాలే పనసచెక్క పొట్టు వాడవచ్చా అని ఒక చెల్లి అడిగింది. మంచి ప్రశ్నే. పనస, పైన్ జాతి చెట్టు కాదు. కానీ ఉలి కింద చుట్టలు చుట్టుకుని లేచే పొట్టు వేరు, గరుకుకాగితం పట్టినప్పుడు రాలే పిండి వేరు. పిండి ఏ చెక్కదైనా ఊపిరికి చేటే. జిగురు, రంగు తగిలినది అసలే వద్దు. ఇవన్నీ ఏరుకుంటూ కూర్చోవడం కన్నా ఎండుగడ్డే మేలని మా అభిప్రాయం.

వరిగడ్డి కుందేలుకు మంచి పడక. కొరికినా ప్రమాదం లేదు. కింద నాలుగు పొరలు పాత వార్తాపత్రిక, పైన మూడు నాలుగు వేళ్ల మందాన గడ్డి చాలు. రోజూ తడిసినచోటు తీసివేసి, వారానికోసారి మొత్తం మార్చాలి. చూసుకోవలసింది బూజు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చింది అక్టోబరులోనే. ఆ నెలల్లో తడిసిన గడ్డివాము పైకి ఎండినట్టే కనిపిస్తుంది. చేయి లోపలికి పెట్టండి. వెచ్చగా తగిలినా, దులిపితే తెల్లగా పొగలా లేచినా, ముక్కవాసన వచ్చినా పొలానికి ఎరువు చేయండి. వేరుశనగ తొక్కలతోనూ ఇదే భయం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. బూజు పట్టిన వేరుశనగ చెక్క మేతే కారణమని తేలింది. అఫ్లాటాక్సిన్ అనే విషం శాస్త్రజ్ఞులకు దొరికింది అలాగే.

కోడిపిల్లలకు ఊక బాగుంటుంది. ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. పాతకాలపు హల్లరు మిల్లు పొట్టులో తవుడు, నూక కలిసిపోయి ఉంటాయి. తేమ తగిలితే చాలు, బూజు పడుతుంది. ఊక విడిగా వచ్చే మిల్లు నుంచి తెచ్చి, చెరిగి, ఎండబెట్టి రెండు మూడు అంగుళాలు పరవండి. మొదటి మూడు నాలుగు రోజులు పైన గరుకు కాగితం వేయాలి, లేకపోతే పిల్లలు ఊకనే మేత అనుకుని తింటాయి. నున్నటి కాగితమైతే కాళ్లు జారి విచ్చుకుపోతాయి. బూజు ఊక మీద పెరిగిన పిల్లలు నోరు తెరిచి రొప్పుతూ రోజుకు కొన్ని చొప్పున పోతాయి. ఊళ్లో దాన్ని తెగులు అంటారు. ఆస్పర్జిల్లస్ అనే బూజు వల్ల వచ్చే ఈ జబ్బు ఒక పిల్ల నుంచి ఇంకో పిల్లకు అంటుకోదు. అన్నీ ఒకే పరుపును పీలుస్తున్నాయి, అంతే. మిగిలిన పిల్లలను ఆ రోజే పొడి ఊక మీదకు మార్చి, పశువుల ఆసుపత్రికి ఒక చచ్చిన పిల్లను తీసుకువెళ్లి చూపించండి. లోను వాయిదా మాత్రం పిల్లలు చచ్చినా ఆగదు.

గోనెసంచి పరవడం మన ఇళ్లలో అలవాటు. దాని పీచు లేచి కాలివేళ్లకు చుట్టుకుంటుంది, కుందేలు కొరికి మింగుతుంది కూడా. కుందేలుకు వాంతి చేసుకునే శక్తి లేదు, మింగినది ముందుకే పోవాలి. యూరియా సంచులు, పురుగుమందు మూటలు గూటి దరిదాపులకే రానీయకండి. హామ్‌స్టర్ పెంచేవారు దూది పెట్టవద్దు, అదీ ఇలాగే కాళ్లకు చుట్టుకుంటుంది. చింపిన తెల్లకాగితం చాలు.

వేసవిలో పద్ధతి మారుతుంది. ముప్పై డిగ్రీలు దాటితే కుందేలు వేడికి అల్లాడుతుంది. గడ్డిని సగం గూటికే పరిచి, మిగతా సగంలో ఒక నాపరాయి పలక పెట్టండి, దానికి చల్లన కావాలంటే అదే వెళ్లి పడుకుంటుంది. తడిపిన గోనె గూటి పక్కన వేలాడదీయాలి గానీ కింద వేయకూడదు.

ఆడ కుందేలు కట్టిన తరువాత ఇంచుమించు 31 రోజులకు ఈనుతుంది. 28వ రోజు నాటికి ఒక చెక్క పెట్టెలో మెత్తని పొడి గడ్డి వేసి గూట్లో పెట్టండి. తన పొట్ట బొచ్చు తానే పీకి అందులో పరుస్తుంది. జబ్బు చేసిందని బెంగపడి ఆ బొచ్చు తీసిపారేయకండి. పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. పది రోజులకు గానీ కళ్లు తెరవవు, అందాకా వాటి దుప్పటి అదే.