దాతలు మళ్లీ రావాలంటే...

ప్రశ్న: ఊళ్లో యువకులం కలిసి గ్రంథాలయ సంఘం పెట్టి రిజిస్టరు చేయించాం. మొదటి ఏడాది చందాలు బాగానే వచ్చాయి. ఇప్పుడు అడిగితే ముఖం చాటేస్తున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు

జవాబు: ఇచ్చినవాళ్లకు లెక్క చెప్పారా? ముందు అది చూసుకోండి. ప్రతి దాతకూ రసీదు, ఏడాది చివర జమాఖర్చుల పత్రం, తన డబ్బుతో కొన్న పుస్తకాల జాబితా అందాలి. చందా అడగని రోజుల్లోనూ వాళ్లను గ్రంథాలయానికి పిలవండి. చదువుకుంటున్న పిల్లల్ని చూస్తే మీరు అడగక్కర్లేదు.

ఒకరిద్దరు ధనవంతుల మీదే ఆధారపడకండి. నెలకు 100 రూపాయలిచ్చే వందమంది ఉంటే ఏడాదికి 1,20,000 రూపాయలు. పత్రికలకు, కరెంటు బిల్లుకు వెతుక్కోనక్కర్లేదు.

ఆదాయపు పన్ను శాఖ నుంచి 80జీగా పేరుపడిన పన్ను మినహాయింపు గుర్తింపు తెచ్చుకోండి. పాత పన్ను విధానంలో ఉన్న దాతలకు మినహాయింపు దొరుకుతుంది. 2,000 రూపాయలు దాటిన నగదుకు అది వర్తించదు కాబట్టి చెక్కు రూపంలో తీసుకోండి. విదేశీ పౌరసత్వం పొందిన మీ ఊరివాళ్ల విరాళాలకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టమైన ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి తప్పనిసరి.

1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం వందేళ్లు దాటి నిలిచింది. మీదీ నిలవాలి. ఈ వారమే పాత దాతల ఇళ్లకు వెళ్లండి, చందా పుస్తకంతో కాదు, లెక్కల పుస్తకంతో.